పురిటి గదిలోకి న్యూట్రినో

మొన్న పటాన్‌చెరు పక్కనున్న ఇంద్రేశంలో, బాలింతగా ఉన్న మనవరాలి కొత్త ఇంట్లో ఆమె పక్కన కూర్చున్నప్పుడు, నా చెయ్యి తనంత తానే కిటికీ గడియ మీదికి పోయింది. తెరవొద్దు అమ్మమ్మా, ఫ్యాక్టరీ వాసన వస్తుంది అంది పిల్ల. చెయ్యి వెనక్కి తీసుకున్నాను గానీ, మనసు ఏనాటిదో మరో మూసిన కిటికీ దగ్గర ఆగిపోయింది.

అప్పట్లో మా ఆయనకు ఫ్యాక్టరీ పని కొత్త. పటాన్‌చెరులో రేకుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. నడి ఎండాకాలంలో నాకు పెద్దబిడ్డ పుట్టింది. గాలి సోకుతుందని, ఇరవై ఒక్క రోజులు తలుపూ కిటికీ తెరవకూడదని మా అత్తమ్మ పట్టు. తన పసిబిడ్డను పురిట్లోనే పోగొట్టుకున్న మనిషి, ఆమెనేమని అనగలను? లోపల కుంపటి, సాంబ్రాణి పొగ, పైన కాలే రేకులు. నాకు ఊపిరాడేది కాదు. పదో రోజుకు పసిది పాలు తాగడం కూడా మానేసి చేతుల్లో వడిలిపోయింది.

ఆ రోజే, కోలారు బంగారు గనిలో వైర్ల పని చేసే మా చిన్నన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. మగవాళ్లు పురిటి గదిలోకి రాకూడదు కదా, మూసిన తలుపు అవతల అత్తమ్మ దగ్గర కూర్చుని, నా ఏడుపు మాన్పించడానికి తన పని సంగతులు ఎత్తుకున్నాడు. న్యూట్రినో అని కంటికి కనిపించని రవ్వ ఒకటుందట, సూర్యుడిలోనూ పుడుతుందట, పైనున్న గాలిలోనూ పుడుతుందట. దాన్ని పట్టడానికి చదువుకున్న దొరలు మైలుకు పైగా లోతున, గనిలో కూర్చుంటారట. మీద ఉన్న రాయంతా జల్లెడలా మిగతా కిరణాలను ఆపేస్తే, ఇదొక్కటే జారి కిందికి వస్తుందట. ఎప్పుడో ఒకటి రాతికి తగిలితే, అక్కడి గాజు గొట్టాలు మిణుక్కుమంటాయట. ఆ ఒక్క మిణుకు కోసం నెలలు కాచుకుంటారట.

బియ్యం ఏరుతున్న అత్తమ్మ చాట చప్పుడు ఆగింది.

"గీ గోడలకెల్లి గూడ వస్తదా అది?"

"గోడేందత్తమ్మా, భూమిల గిట్ల దూరి గట్ల తేల్తది. గిప్పుడు నీలకెల్లి, నాలకెల్లి పోతనే ఉన్నయి."

"లోపలున్న నా కోడలిలకెల్లి?"

"లెక్కలేనన్ని."

చాట కింద పెట్టిన చప్పుడు. తర్వాత లేచిన అలికిడి.

"మరి పదిరోజుల సంది నేనెవల్ని ఆపుతున్న? వచ్చేది వస్తనే ఉన్నది, గాలొక్కటేం పాపం జేసింది?"

ఆమె దాన్ని సోకే గాలి లాంటిదే అనుకుంది. అన్న దిద్దలేదు, నేనూ దిద్దలేదు. కిటికీ తెరుచుకుంది. వేపచెట్టు మీది గాలి ముఖానికి తగిలింది. కాసేపటికి పసిది కదిలి, పాలు అందుకుంది.

ఇప్పుడు అత్తమ్మ లేదు, అన్న లేడు. ఆ రవ్వలు మాత్రం ఈ మూసిన కిటికీ అద్దంలోంచీ, నాలోంచీ, నా మనవరాలి బిడ్డలోంచీ పోతూనే ఉంటాయి. ఆనాటి కిటికీకి అవతల, మాట చెబితే వినే మనిషి ఉండేది. ఇప్పుడు బయట ఉన్నది ఫ్యాక్టరీ పొగ. దానికి ఎవరు చెబుతారు?