నీలం బండికి డైనమో బ్రాకెట్

డైనమో ఊడిన రోజున లారీ వదిన బండిలో ఒక పళ్ళ డాక్టరుగారి ఇల్లు మొత్తం ఉంది. మంచాలు, బీరువాలు, పూలకుండీలు, ఆయన రోగుల్ని కూర్చోబెట్టే పాత కుర్చీతో సహా. బండి సరిగ్గా వంతెన మధ్యకి వచ్చేసరికి ఇంజనులో గిన్నెల స్టాండు కూలినట్టు చప్పుడైంది. బ్యాటరీ లైటు ఎర్రగా వెలిగింది. ఆ వెంటనే బెల్టు తెగి బానెట్టుకి లోపలినుంచి లెంపకాయ కొట్టింది. వదిన బండిని పక్కకి తీసి దిగింది. వెనకే కారులో వస్తున్న డాక్టరుగారు అద్దం దించి, "ఏమైందమ్మా?" అన్నాడు.

"పన్నూడింది" అంది వదిన.

డాక్టరుగారు నవ్వలేదు. ఇల్లు మారేవాళ్ళు ఆ రోజున దేనికీ నవ్వరని వదినకి ఇరవై ఆరేళ్ళ అనుభవం. ఇంకో బండిని పిలిపించి, సామాను అందులోకి ఎక్కించి పంపించి, తన బండిని తాడు కట్టించి షెడ్డుకి లాగించుకొచ్చింది.

ఆవిడ ఎవరి అన్నకి భార్య అయి వదిన అయిందో ఎవరికీ తెలీదు. వయసు యాభై రెండు. కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతుంటుంది. బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటే మగవాళ్ళు నలుగురూ నాలుగు పక్కలనుంచి అరుస్తుంటారు, ఆవిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చూసి, "తలుపు ఊడదీయండ్రా" అంటుంది. అంతే, బీరువా దిగుతుంది.

మెకానిక్కుని అందరూ మౌనం మేస్త్రీ అంటారు. నిద్రలో తప్ప నోరు మూయడు కనక ఆ పేరు. ఆయన బండి కింద దూరి, బయటికి రాకుండానే మొదలుపెట్టాడు.

"వదినా, డైనమోకి ఢోకా లేదు. దాన్ని పట్టుకునేదే పోయింది. బ్రాకెట్టు రెండు ముక్కలు. ఒక ముక్క ఇక్కడుంది, ఇంకోటి ఏటిలో ఉంది. దాని పొడుగు బోల్టు విరిగింది. బోల్టు చుట్టూ ఉండే బుష్షు అరిగింది. బెల్టు బిగువు సరిచేసే పట్టీ ఉంది చూశావా, గాడి ఉన్నది, అది వంకర పోయింది. ఇది నాలుగోసారి. నీ బండి బోల్టులు తింటుందా తాగుతుందా?"

"వెల్డింగు పెట్టు."

"పోత ఇనుము వదినా. వెల్డింగు పెడితే మూడు రోజులు నీ మాట వింటుంది. నాలుగోరోజు డైనమో వెళ్ళి రేడియేటర్లో కాపురం పెడుతుంది. ఈ మాడల్ ఆపేసి ఇరవయ్యేళ్ళు. ఎక్కడన్నా దొరికితే పట్రా, పది నిమిషాల పని."

ఆ పది నిమిషాల పని కోసం వదిన నాలుగు రోజులు తిరిగింది. స్పేర్ పార్టుల షాపులో టై కట్టుకున్న గుమాస్తా కంప్యూటర్లో వెతికి వెతికి, "లిస్టులో మీ బండి లేదండీ" అన్నాడు. "లేకపోతే పాతికేళ్ళుగా నేను దేన్ని తోలుతున్నట్టు?" అంది. కొత్త డైనమో మొత్తం సెట్టు తీసుకోమన్నాడు. అది ఆమె బండికి సరిపోతుందా అంటే అది మాత్రం లిస్టులో లేదన్నాడు. వదిన దండం పెట్టి బయటికొచ్చింది.

పాత ఇనుము యార్డులో మధ్యాహ్నమంతా గుట్టలెక్కి దిగి, అచ్చం అలాంటిదే ఒక బ్రాకెట్టు పట్టుకొచ్చింది. మేస్త్రీ బిగించాడు. బెల్టు తిరిగే పుల్లీ చక్రం వేలెడు ఇవతలికి వచ్చింది. ఇంజను స్టార్టు చేసిన నిమిషంలో బెల్టు ఎగిరి షెడ్డు గోడమీది క్యాలెండరుని చింపింది. లేత్ షాపు ముసలాయన బోల్టూ బుష్షూ చేసిస్తానన్నాడు గాని, బ్రాకెట్టు అనేసరికి చేతిలోని సగం ముక్కని అటూ ఇటూ తిప్పి, "ఉన్న సగాన్ని చూసి లేని సగాన్ని చెప్పడానికి నేను జాతకాలు చూడను తల్లీ. శాంపులు తీసుకురా" అన్నాడు.

నాలుగోరోజు సాయంత్రం మేస్త్రీ టీ గ్లాసులోకి చూస్తూ, "ఇంకో బండి ఉందిగా" అన్నాడు.

"ఎక్కడ?"

"అదే. అక్కడ."

వదిన ఆయన్ని గుచ్చి చూసింది. మేస్త్రీ జీవితంలో మొదటిసారి మాట మింగేశాడు.

అక్కడ అంటే మాజీ ఇంట్లో. మంత్రులకే మాజీలుండాలా అని, విడాకులిచ్చిన మొగుణ్ణి వదిన అలాగే అంటుంది. పెళ్ళైన రెండో ఏడు ఇద్దరూ కలిసి ఒకే రకం లారీలు రెండు కొన్నారు. ఇద్దరూ బ్రష్షులు పట్టుకుని స్వయంగా రంగు వేసుకున్నారు, ఆయనది ఎరుపు, ఈవిడది నీలం. వదిన ఉత్సాహం కొద్దీ ఇంజనుకి కూడా నీలం పూసేసింది. పన్నెండేళ్ళు బళ్ళు ముందూ వెనకా నడిచాయి. కాపురం మాత్రం నడవలేదు. ఆయన చేసిన తప్పులన్నీ చెప్పాలంటే ఇంకో లారీ కావాలి, ఈవిడ నోరు కూడా తక్కువది కాదు. పిల్లల్లేరు. కోర్టులో జడ్జిగారికి చాలా సులువైంది, తలో బండీ ఇచ్చి పంపేశారు. ఆయన తర్వాత ఒక టైలరమ్మని చేసుకున్నాడు. ఆ గడప తొక్కనని వదిన అప్పట్లో అందరిముందూ ఒట్టేసింది. గడప తొక్కకుండా పెరట్లోకి పోవచ్చని ఇప్పుడు కనిపెట్టింది.

మర్నాడు పొద్దున్న స్పానర్ల సంచీ, తుప్పు వదలడానికి కిరోసిన్ డబ్బా పట్టుకుని వెళ్ళింది. కిటికీ దగ్గర టైలరమ్మ మిషను తొక్కుతోంది. పెరట్లో ఎర్ర లారీ టైర్లు భూమిలోకి దిగబడి, బానెట్టు మీద గుమ్మడి తీగ పాకి ఉంది. క్యాబిన్లో స్టీరింగు ముందు మాజీ బనీనుతో కూర్చుని, పేపరు ముక్కుకి ఆనించుకుని చదువుతున్నాడు. చూపు మందగించి లైసెన్సు పోయి తొమ్మిదేళ్ళయింది.

"ఎవరది? ఓహో, నువ్వా! లోపలికి రా."

"నీ ఇంటికి రాలేదు. బండి దగ్గరికి వచ్చాను. డైనమో బ్రాకెట్టు కావాలి. బోల్టూ బుష్షూ పట్టీతో సహా."

"నా బండిమీద చెయ్యేస్తే ఊరుకునేది లేదు. వచ్చే నెల దీనికి ఇంజను పని చేయిస్తున్నాను."

"ఆ వచ్చే నెల నేనొచ్చినప్పట్నుంచీ రాలేదక్కా!" కిటికీలోంచి కేక వేసింది టైలరమ్మ. "ఆ బండిమీద ముందుకి కదిలేది గుమ్మడి తీగొక్కటే."

మాజీ పేపరు మడిచాడు. "నవ్వండి, నవ్వండి. పొద్దున్నే రెండు గంటలు ఇందులో కూర్చుంటే నేను డ్రైవర్ని. కిందికి దిగితే కళ్ళు కనపడని ముసలాణ్ణి. ఒక్క బోల్టు ఊడదీశావా, ఇది పాత ఇనుము అయిపోతుంది. నేనూ అంతే."

ఆయన తిడితే తిరిగి ఎలా తిట్టాలో వదిన దారంతా అనుకుంటూ వచ్చింది. ఆయన ఇలా మాట్లాడతాడనుకోలేదు. సంచీ కింద పెట్టింది.

"ఒకసారి చూస్తాను" అంది చివరికి. "ముట్టుకోను."

టైలరమ్మ కత్తెర తెచ్చి తీగ కత్తిరించింది. ఇద్దరూ కలిసి బానెట్టు ఎత్తారు. లోపల తుప్పన్నదే లేదు. గుమ్మడి తీగ పాకేదాకా మాజీ వారం వారం నూనె పెట్టి తుడిచేవాడట. ఎర్ర లారీ ఇంజను అంతా నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క చోట తప్ప. డైనమో కింద బ్రాకెట్టు, పైన పట్టీ నీలంగా ఉన్నాయి.

వదిన కళ్ళజోడు పెట్టుకుంది. వేలితో గీకి చూసింది. తన బ్రష్షు తనకి తెలీదా.

"ఏమయ్యా, ఈ నీలం ఎక్కడిది?"

మాజీ మళ్ళీ పేపరు విప్పాడు.

"నిన్నే! నా బ్రాకెట్టు నీ బండిలో ఏం చేస్తోంది?"

"కోర్టు తీర్పుకి ముందురోజు మార్చాను" అన్నాడు పేపరు వెనకనుంచి. "నాదానికి సన్నని పగులుండేది. బోల్టు కూడా లూజు. నీ ఇంజను నాదానికంటే మంచిది కదా. న్యాయంగానే అనిపించింది."

"న్యాయమా! పగిలింది నాకు తగిలిస్తావా? పద్నాలుగేళ్ళుగా నా బండి బోల్టులు మింగుతోంది, బెల్టులు తెంపుతోంది. దాన్ని తిట్టుకున్నాను, మేస్త్రీని తిట్టాను, రోడ్లని తిట్టాను. నిన్ను మాత్రం తిట్టలేదు కదయ్యా, ఈ ఒక్క విషయంలో!"

టైలరమ్మ లారీ మెట్టుమీద కూలబడి, కత్తెర జారిపోయేదాకా నవ్వింది. ఆ నవ్వు చూసి వదినకీ ఆగలేదు. మాజీ కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చుని, తర్వాత నెమ్మదిగా దిగొచ్చాడు.

"సరే, తీసుకో. కానీ నేనే బిగిస్తాను."

"కళ్ళు కనపడవన్నావుగా?"

"బోల్టుకి కళ్ళెందుకు? చేతులున్నాయి."

ముగ్గురూ ఆటోలో షెడ్డుకి వెళ్ళారు. ఊడదీసిన బ్రాకెట్టునీ బోల్టునీ బుష్షునీ పట్టీనీ టైలరమ్మ ఇచ్చిన పూల చీటీగుడ్డ సంచీలో వేసి ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. మేస్త్రీ ఆ ఊరేగింపుని చూసి నోరు తెరిచాడు, వదిన చూపు చూసి మూశాడు. మాజీ నీలం బండి ముందు వంగి, పుల్లీ వరసని బొటనవేలితో తడుముకుంటూ బ్రాకెట్టు కూర్చోబెట్టాడు. బుష్షు దూర్చాడు, పొడుగు బోల్టుని బ్రాకెట్టు చెవుల రెండు కన్నాల్లోంచి గుచ్చాడు, పట్టీ గాడిలో బెల్టు బిగువు చూసుకుని నట్టు బిగించాడు. మేస్త్రీ చెప్పిన పది నిమిషాలు కూడా పట్టలేదు. వదిన తాళం తిప్పింది. ఎర్ర లైటు వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. బెల్టు కిక్కురుమనలేదు. అంత నెమ్మదిగా ఆ ఇంజను తిరగడం విని ఎన్నాళ్ళయిందో.

"చేతులు మంచివే" అంది వదిన, తనకే వినపడేంత మెల్లిగా. ఆయనకి కూడా వినపడింది.

ఇద్దర్నీ ఇంటిదగ్గర దింపుతానని ఎక్కించుకుంది. కిటికీ పక్కన మాజీ, మధ్యలో టైలరమ్మ. మొదటి వీధి దాటకముందే ఆయన మొదలుపెట్టాడు. గేరు ఆలస్యంగా మారుస్తున్నావన్నాడు, క్లచ్చు మీద కాలు తియ్యమన్నాడు, అప్పట్లోనూ నీకిదే రోగం అన్నాడు. రెండో వీధిలో వదిన బండి ఆపింది.

"దిగు."

"ఇల్లు ఇంకా నాలుగు వీధులుంది!"

"నడిస్తే ఒంటికి మంచిది."

మాజీ గొణుక్కుంటూ దిగి, భార్యకి చెయ్యి అందించాడు. ఆమె కదల్లేదు. "మీరు పదండి. వంట చేసి ఉంచాను, వడ్డించుకోండి" అని తలుపు లాగేసుకుంది.

బండి కదిలింది. టైలరమ్మ కొంతసేపు గేరు రాడ్డునే చూస్తూ కూర్చుంది. "అక్కా, ఇది నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మిషను తొక్కే కాలు ఉందిగా, తొందరగానే వస్తుంది."

ఆమె మెడ తిప్పి, వెనక రోడ్డుమీద ఖాళీ సంచీ ఊపుకుంటూ నడుస్తున్న మనిషిని చూడబోయింది.

"అటు కాదు. ఇటు చూడు" అంది వదిన. "ఇది ఫస్టు."