మీనింగుల గైడులో బాపు నడక

మొన్న ఆదివారం పొద్దున కామారెడ్డిలోని మా ఇంటి ముందు గదిలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు మర్నాటి ఇంగ్లీషు పరీక్షకు మీనింగులు బట్టీ పడుతోంది. బడికి పెద్ద తెర వచ్చింది, పాఠాలు ఫోనులోకి వచ్చాయి, యూనిఫాంలు వారానికి రెండు రకాలయ్యాయి. చదువు మాత్రం నేను వదిలిపెట్టిన చోటనే గోడకు ఆనుకుని ఊగుతోంది. ఒక మాట పదిసార్లు, దాని అర్థం పదిసార్లు. నాకు ఈ ఊగుడు చూస్తే ఒళ్లు మండుతుంది కాబట్టి సగం చెవితోనే వింటున్నాను. అంతలో ఆ పిల్ల నోట ఇలా వచ్చింది:

"రిలక్టెంట్ అంటే ఇష్టం లేకుండ. ఎట్లనంటే, బాపు పటేలు ఇంటికి పోయేటప్పుడు ఎట్ల నడుస్తడో అట్ల. కాలు ముందుకు పోతది, మనిషి పోడు."

కళ్లద్దాలు ఒళ్లో పడ్డాయి. "ఆ కాయితం ఇటియ్యి" అన్నాను. జిరాక్సుకు జిరాక్సు తీసి, దానికి మళ్లీ జిరాక్సు తీసిన కాగితం. అక్షరాలు సగం అలికిపోయాయి. ఎవరి పేరూ లేదు. ఎవరిచ్చారంటే, "మా మేడం ఏదో పాత గైడుల నుంచి తీసిందంట తాతా" అంది. ఆ వాక్యం ఏ గైడుదీ కాదు. పదిహేనేళ్ల వయసులో, ఎల్లారెడ్డి బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ముక్క పెన్సిలుతో నేను రాసింది.

మాది నాగిరెడ్డిపేట దగ్గరి పల్లె. మా నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాణ్ని. బాపు ఊరి భూస్వామి పటేలు దగ్గర జీతం ఉండేవాడు, అంటే ఏడాదికింతని మాట్లాడుకుని పటేలు పొలంలో పగలూ రాత్రీ చేసే పని. అవ్వ బీడీలు చుట్టేది. నన్ను పశువుల వెంట పంపకుండా ఎల్లారెడ్డిలో ఒక హైస్కూలుకు పంపాలంటే ఏడాదికోసారి బాపు పటేలు ఇంటికి పోయి అడగాలి. ఆ పోయే నడకను నేను వెనక నుంచి చూసేవాణ్ని. రుమాలు తల మీద నుంచి చేతిలోకి వచ్చేది. భుజాలు రెండూ దగ్గరకు వచ్చేవి. కాళ్లు నేల మీద ఆనీ ఆననట్టు పోయేవి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మామూలు మనిషిలా, చేతులూపుకుంటూ వచ్చేవాడు.

మా ఇంగ్లీషు సారు సైకిలు మీద వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన క్రాపు. చేతిలో పాఠ్యపుస్తకం, దాని లోపల మాకు కనబడకుండా గైడు. ఆ గైడు లేకుంటే సారుకు పాఠం ఎటు పోతుందో తెలియదు. ఒకసారి మంచులో దారి తప్పిన బాటసారి కథ చెప్పాడు. మంచులో మనిషి మోకాళ్ల దాకా కూరుకుపోవడమేమిటో మాకు అర్థం కాలేదు. మాకు తెలిసిన మంచు చలికాలం పొద్దున నారుమడి మీద ఉండి, ఎండ రాగానే పోయేది. అడిగితే సారు "మంచు అంటే మంచు, రాసుకోండ్రి" అన్నాడు. రాసుకున్నాం. పీరియడు అయిపోయింది. ఆ బాటసారి బతికాడో చచ్చాడో నాకు మా సారు చెప్పలేదు, చాలా ఏళ్ల తరవాత నేనే చదువుకున్నాను. చచ్చాడు.

నా పుస్తకం పై తరగతి వాడి దగ్గర కొన్న పాతది. వాడు అందులో చేసిన చదువల్లా బొమ్మల్లో ఆడవాళ్లందరికీ మీసాలు పెట్టడమే. సాయంత్రం మా ఊరి బస్సుకు గంట టైముండేది. ఆ గంట గ్రంథాలయానికి పోయి నిఘంటువు తీసేవాణ్ని. అదొక బాధ. అందులోని తెలుగు ఇంగ్లీషు కంటే కష్టం. రిలక్టెంట్‌కు 'విముఖుడైన' అని ఉంది. మా ఊళ్లో ఆ పేరు గలవాడు ఎవడూ లేడు. అందుకని ఆ మాటకు సరిపోయే మనిషిని మా ఇంట్లోనే వెతికి, బస్టాండుకు వచ్చి నా పుస్తకంలో లైన్ల మధ్య రాసుకునేవాణ్ని. ఫ్రూగల్ అంటే అవ్వ ఒక్క అగ్గిపుల్లతో పొయ్యి, దీపం రెండూ ముట్టించుడు. ఫెరోషియస్ అంటే పటేలు కుక్క. దాని పక్కన 'పటేలు గూడ' అని రాసి, భయమేసి రబ్బరుతో తుడిచేశాను. తుడిచినా కనబడేది.

పదో తరగతిలో ఒకనాడు సారు రిలక్టెంట్ అంటే ఏమిటని అడిగాడు. అందరూ తలలు వంచుకున్నారు. నేను లేచి ఇంగ్లీషులో తడబడి, నేను రాసుకున్నది చదివాను. సారు తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. పుస్తకం తీసుకుని పీరియడంతా పేజీలు తిప్పాడు. గంట కొట్టాక, "ఇది నా దగ్గర ఉండనీ రా. రెండు దినాలల్ల ఇస్త" అన్నాడు.

ఇవ్వలేదు. వారం తిరక్కముందే నా పుస్తకంలోంచి పాఠం మొదలుపెట్టాడు. అన్ని సెక్షన్లలో అదే. సారు పాఠం ఇప్పుడు బాగుందని పిల్లలు చెప్పుకున్నారు. అవ్వ అగ్గిపుల్ల మీద ఒక సెక్షను నవ్వింది, బాపు నడక మీద ఇంకో సెక్షను. మా ఊరి పిల్లలు ముగ్గురు నా తరగతిలోనే ఉన్నారు, ఆ బాపు ఎవరో చెప్పేశారు. అంతటితో నా పేరు పోయింది. "ఏమిరా రిలక్టెంటు, అన్నం తిన్నవా?" "రిలక్టెంటుకు సీటియ్యుండ్రి రా!" చివరికి బస్సు కండక్టరు కూడా, మాట అర్థం తెలియకుండానే, అదే నా పేరనుకుని పిలిచాడు.

ఇంట్లో పుస్తకం సారు దగ్గర ఉందని మాత్రమే చెప్పాను. బాపు, "నేనొచ్చి అడుగుత" అన్నాడు. వద్దని ఏడ్చినంత పని చేశాను. "పటేలునే అడిగెటోణ్ని, సారును అడగనా?" అని నవ్వాడు.

మర్నాడు మూడో పీరియడులో కిటికీలోంచి బాపు కనబడ్డాడు. గేటు దగ్గర రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. గేటు నుంచి మా తరగతి దాకా ఆ మైదానం ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది. భుజాలు దగ్గరకు వచ్చాయి. కాలు ముందుకు పోతోంది, మనిషి రావడం లేదు. వెనక బెంచీలోంచి ఎవడో అన్నాడు: "అగో, రిలక్టెంట్ వచ్చిండు!"

తరగతి మొత్తం నవ్వింది. సారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ బాపు, ఏదో మంచి ముచ్చట జరుగుతోందనుకుని, పెద్దలు నవ్వుతుంటే తాను నవ్వకపోతే బాగుండదని, తానూ నవ్వాడు.

"సారూ, పిలగాని పుస్తకం..."

"ఇస్తగని పో. నీ కొడుకు మస్తు హుషారున్నడు."

బాపు చేతులూపుకుంటూ తిరిగి పోయాడు. సాయంత్రానికి ఊరంతా చెప్పాడు, సారు మావోణ్ని హుషారున్నడన్నడని. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు. బతిమాలినా, కొట్టినా ఎందుకో చెప్పలేదు. బాపు ఆ సంగతి తెలియకుండానే చనిపోయాడు. నేను రాసిన వాక్యానికి మా బాపే బలయ్యాడని ఏ నోటితో చెప్పను?

కామారెడ్డి వచ్చి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరుగా కుదిరాను. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చే పని. నా మిగతా చదువంతా అక్కడే. పెళ్లిపత్రికల్లో తెలుగు, కాలేజీ వాళ్ల కాగితాల్లో ఇంగ్లీషు. అయిదారేళ్లు గడిచాక ఒకరోజు యజమాని నా ముందు ఒక రాతప్రతి పెట్టాడు. మీనింగుల గైడు. మొదటి పేజీలో మా సారు పేరు, పేరు వెనక డిగ్రీలు. లోపల మా అవ్వ, మా అగ్గిపుల్ల, పటేలు కుక్క. ఒక్క అక్షరం మార్చలేదు. దొంగతనానికైనా కొంచెం కష్టపడాలి కదా, ఆ ఓపిక కూడా లేదు.

అన్నీ పేర్చాను. బాపు లైను దగ్గర ఆగి, దాన్ని వదిలేసి కింది లైనుకు పోయాను. నా బతుకులో నా చేతికి వచ్చిన అధికారం అదొక్కటే. ప్రూఫు చూడటానికి సారే వచ్చాడు. వేలితో చూపించి, "ఇక్కడొక లైను పోయింది" అన్నాడు.

"దాన్ని తీసేద్దాం సార్. ఆయన మా బాపు సార్."

అప్పుడు తలెత్తి చూశాడు. "నువ్వా! ఈడ ఉన్నవా రా? మంచిగైంది." భుజం తట్టాడు. "పిలగాండ్లకు గుర్తుండేదే గా లైను. అదే తీసేస్తే ఇగ పుస్తకంల ఏముంటది?"

"రాసింది నేను సార్."

"పాఠం చెప్పింది నేను గద రా."

వెనక నుంచి యజమాని, "సారు చెప్పినట్టు చెయ్యి, బేరం చెడగొట్టకు" అన్నాడు. చేశాను. బాపును ఒక్కో అక్షరంగా ఏరి, నా చేత్తోనే తలకిందులుగా పేర్చాను. ఈ వేళ్లను ఆ పనికి నేటికీ క్షమించలేదు, సారును అంతకన్నా క్షమించలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. కాగితం తిరిగి ఇచ్చాను. ఆ పిల్ల ఊగడం ఆపి అడిగింది: "గీ బాపు నిజంగ ఉండెనా తాతా?"

"ఉండె. మా బాపు."

"జూటా!" అని కళ్లు పెద్దవి చేసింది. "అయితే ఎట్ల నడిచేటోడో సూపియ్యి."

ఎందుకు లేచానో తెలియదు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను. భుజాలు దగ్గరకు తెచ్చి, కుర్చీ నుంచి గుమ్మం దాకా ఆ నడక నడిచాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు రోజూ గిట్లనే నడుస్తవు గద తాతా" అంది.

సారు పేరును జిరాక్సుల్లో ఎక్కడో రాల్చేసిన కాలం, నా పేరును ఏ పుస్తకానికీ ఎక్కించని కాలం, బాపు నడకను మాత్రం ఇన్నేళ్లు భద్రంగా దాచి, తెచ్చి నా కాళ్లకే తొడిగింది.