పోయినాడు అనకూడదు
కొమరోలులో మిలిటరీ వీరేంద్ర భార్య శివకుమారి ముందు ‘పోయినాడు’ అనే మాట ఎవరూ అనకూడదు. “మీ ఆయన డ్యూటీకి పోయినాడా?” అని అడిగితే, “పోలేదు, ఎక్కినాడు” అని దిద్దుతుంది. అతను సెలవు మీద వచ్చేలోగా స్కూటీ నేర్చుకుని, గిద్దలూరు స్టేషన్ నుంచి తనే వెనక కూర్చోబెట్టుకుని తీసుకురావాలని ఆమె పంతం. రోజూ పొద్దున్నే కుచ్చిళ్లు ఎగదోపుకుని బండి తీస్తుంది. చప్పుడులో ఫోను మోత వినబడదేమోనని నాలుగడుగులకోసారి ఆపి చూసుకుంటుంది. అందుకే నెల తిరిగినా వీధి మలుపు దాటలేదు.

నిన్న ఫోను చార్జింగుకు పెట్టి, అత్తను కాపలా ఉంచి, మొదటిసారి మలుపు దాటింది. తిరిగొస్తుంటే అత్త ఎదురు పరిగెత్తుకొచ్చి, “అమ్మీ, మనోడు పైకి పోయినాడంట!” అని కేకేసింది. బండి ఒక పక్కా, శివకుమారి ఒక పక్కా పడ్డారు. “ఇప్పుడే వాడే ఫోన్ చేసినాడు. కొండ మీద పోస్టుకంట. రెండు నెల్లు సిగ్నల్ ఉండదంట. మాట్లాడతా ఉండంగానే కట్టయింది,” అంది అత్త రొప్పుతూ. “ఎక్కినాడు అను అత్తా,” అంది శివకుమారి కింద నుంచే. అత్త బడిపిల్లలా “ఎక్కినాడు” అని, నెత్తురోడుతున్న కోడలి మోకాలు చూసి, “పడినావా తల్లీ?” అంది.

బండి లేపుతూ శివకుమారి, “పడలేదత్తా, దిగినా,” అంది.