వదిన ఆల్బంలో మా చేని హద్దులు

మొన్న బుధవారం మా చేని హద్దులు తేల్చడానికి ఊళ్లో సచివాలయంలో సర్వేయర్ మేడం మా వదిన పెండ్లి ఫోటో, సీమంతం ఫోటో, నర్సు డ్రెస్సులో మొదటిరోజు ఫోటో వరసగా చూడాల్సొచ్చింది. చూపించింది నేనే. ఎందుకు చూపించాల్సొచ్చిందో చెప్తా గానీ, నవ్వేటోళ్లు టీ గ్లాసు కింద పెట్టి నవ్వండి. ఇది కొత్త చీర.

అనంతపురంలో మా మిద్దె మీద రేకుల రూము ఒకటి ఉండాది కదా, దాన్ని నేను క్రాఫ్ట్ రూం అంటా. మా ఆయన గోడౌన్ అంటాడు. మా మామ ఏమీ అనడు, ఆయన మోకాళ్ల నొప్పులకు ఆ మెట్లెక్కడు. స్కూల్లో నాలుగో తరగతి పిల్లోళ్లకు క్రాఫ్ట్ నేర్పిస్తా నేర్పిస్తా నాకే ఆ పిచ్చి పట్టుకుంది. రంగు కాగితాలు, లేసులు, పాత శుభలేఖలు, ఐస్‌క్రీం పుల్లలు, చీరెల అట్టపెట్టెలు, అన్నీ ఆడనే. గ్లూ గన్ ఒకటి కనపడక ఇంకోటి కొన్నా. రెండోది తెచ్చిన రోజే మొదటిది కనపడింది. ఆ తర్వాత రెండూ కనపడలే.

స్క్రాప్‌బుక్కులు మొదలుపెట్టినవి ఐదు, పూర్తి చేసింది ఒకటీ లేదు. మా వాడి మొదటి ఏడాది ఆల్బం వాడికి రెండో పన్ను వచ్చేకాడికి ఆగిపోయింది. వాడిప్పుడు ఇంజినీరింగు చదువుతాండాడు. లేపాక్షి పోయొచ్చిన ఆల్బంలో నందికి ముందర సగమే ఉండాది, వెనక సగం ఇంకా అంటించాల.

ఇట్లాంటి మనిషి నోరు మూసుకోని ఉండాల కదా. ఉండలే. మా ఆయన అక్క, సరోజ వదిన, పామిడిలో ఉంటాది. ముప్పై ఏండ్లకు పైగా నర్సు పని చేసి పోయిన నెల రిటైరయింది. అందరూ చీర పెడతారు, శాలువా కప్పుతారు, నేను మాత్రం నీ బతుకంతా ఒక ఆల్బంగా చేసిస్తా వదినా అని చుట్టాలందరి ముందర అనేసినా. అనేటప్పటికి ఇంకా రెండు నెలలు టైం ఉండాది. వారం రోజులు ఉండంగా మా ఆయన గుర్తు చేసినాడు.

చేద్దామని పైకి పోతే కూర్చోడానికి జాగా లేదు. ముందు రూము సర్దాల. ఎట్ల సర్దాలో తెలియక ఫోన్లో వీడియో పెట్టుకున్నా. అందులో ఒకామె తెల్లటి రూములో తెల్లటి డబ్బాల నడుమ కూర్చోని, మూడు కుప్పలు పెట్టుకోమనింది. ఉంచుకునేవి, ఇచ్చేసేవి, పారేసేవి. నేను నాలుగోది కూడా పెట్టుకున్నా, తర్వాత చూద్దాం అనేవి. సాయంత్రానికి మొదటి మూడు కుప్పల్లో కలిపి ఒక కత్తెర, ఎండిపోయిన స్కెచ్ పెన్నులు రెండు ఉండాయి. నాలుగో కుప్ప కిటికీ దాకా వచ్చింది. పైన రేకులు కాలిపోతాండాయి. ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగురుతాయి, వేయకపోతే నేను పోయేట్టుండా.

సర్దడం అంతటితో చాలించి వదిన పాత ఫోటోల కోసం మా మామ ట్రంకు పెట్టె తెరిచినా. ఆ పెట్టె కూడా ఆ రూములోనే ఉండాది. ఫోటోలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉండాయి. వాటితోపాటు మడత పెట్టిన పెద్ద కాగితం ఒకటి. విప్పి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. వక్క రంగుకు తిరిగిన కాగితం, మీద గొలుసుకట్టు రాత, ఒక అక్షరం ఇంకో అక్షరం చెయ్యి పట్టుకోని పోతాండాది. ఒక్క ముక్క చదవడానికి రాలే, చూడ్డానికి మాత్రం ఎంత బాగుందో. వీడియోలల్లో వాళ్లు కొత్త కాగితాన్ని టీ డికాషన్లో ముంచి, ఎండబెట్టి, పాతదాని మాదిరి చేస్తారు. నాకు అసలు పాతదే దొరికింది.

అడగకుండా మాత్రం కోయలే, ఆ మాట మీకు చెప్పాల. మెట్ల మీద నిలబడి, మామా, కవర్లో ఉండేవి తీసుకుంటాండా, వాటితో ఏమన్నా పని ఉండాదా అని గట్టిగా అడిగినా. ఆయన కింద టీవీలో వార్తలు చూస్తాండాడు. తీసుకోమ్మా, సరోజవే కదా అన్నాడు. ఆయన చెప్పింది ఫోటోల సంగతి. నేను కాగితం సంగతి అనుకున్నా. ఇంకో నాలుగు మెట్లు దిగి కాగితం చూపించుంటే ఈ కథే లేదు.

ఇంగ కోసినా. పెండ్లి ఫోటో వెనక పెద్ద తామరపువ్వు, సీమంతం ఫోటో పక్కన రెండు అరిటాకులు, నర్సు డ్రెస్సు ఫోటో చుట్టూ ఎండుటాకుల దండ, చివరి పేజీలో మనవరాలి ఫోటో కింద హృదయం. ఐదు రోజుల్లో ఆల్బం పూర్తయింది. నా బతుకులో పూర్తయిన మొదటి ఆల్బం.

రిటైర్మెంటు ఫంక్షన్లో అది చేతులు మారతా మారతా వంటవాళ్ల దాకా పోయింది. వదిన పేజీ తిప్పడం, కండ్లు తుడుచుకోవడం. ఇంత మంచి కాగితం యాడ దొరికిందమ్మే అని అడిగింది. ఇంట్లోదే వదినా అని శానా గర్వంగా చెప్పినా.

పదైదు రోజులకు మా మామ సొంత ఊరి నుంచి కబురొచ్చింది. అది పామిడికి దగ్గర్లోనే. భూములు మళ్లీ కొలుస్తాండారు, బుధవారం కాగితాలు తీసుకోని రండి అని. ఆడ మాకొక మెట్టచేను ఉండాది. ఉత్తరం పక్క నారాయణప్ప అనే ఆయన చేను. నడుమ గట్టు మీద ఉండే హద్దురాయి ట్రాక్టరు తగిలి యాడికో పోయింది. అప్పటి నుంచి గట్టు నాదంటే నాదని మా మామ, నారాయణప్ప రెండేండ్లుగా మాట్లాడుకోవడం లేదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడి. వానే సరిగ్గా పడని నేల, ఆ గట్టు మీద మొలిచేది కంపచెట్లు. అయినా గట్టు గట్టే కదా.

సోమవారం పొద్దున నేను దోసెలు పోస్తాంటే మా మామ వంటింట్లోకొచ్చి నిమ్మళంగా చెప్పినాడు.

"మ్మా, ఆ ఫోటోల కవరు కిందికి తీసుకురా. పెట్టె కిందున్నప్పుడు చెదలు కనపడితే మన చేని పత్రం రెండో కాగితం ఆ కవర్లో పెట్టినా. నాలుగు దిక్కుల హద్దులూ దాంట్లోనే ఉండాయి."

స్టాంపు ఉండే మొదటి కాగితం ఆయన ఫైల్లో భద్రంగా ఉండాదంట. రెండోది పామిడిలో వదిన ఇంట్లో పూలై పూసింది. పెనం మీద దోసె మాడి పొగొస్తాంది, నేను గరిటె పట్టుకోని అట్లే నిలబడినా. వెతికి తెచ్చిస్తా మామా అన్నా. మా ఆయనకు మాత్రం, ఆల్బంలో ఒక మూల ఊడిపోయిందంట, అంటించొస్తా అని చెప్పి బస్సెక్కినా. దావ పొడుగునా ఒకటే లెక్క. నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీస్తా, ఇంటికొచ్చి ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి అంటిస్తా, ఎవరికీ తెలియదు. కాగితం అతికించడం నాకు తెలియని పనా?

వదిన తలుపు తీసి, నేను నోరు తెరవకముందే ఆల్బం తెచ్చి చేతిలో పెట్టింది. మన ఊరి దుమ్ముకు పాడైపోతాదని జిరాక్స్ షాపులో ప్రతి పేజీకీ లామినేషన్ చేయించిందంట. గోరు పెట్టి గీకి చూసినా. గాజు మాదిరి ఉండాది. నేను ఆడనే కుర్చీలో కూలబడితే, ఆమె బీపీ చూసే మిషను తెచ్చింది. ఆ పట్టీ చేతికి చుట్టించుకోనే జరిగిందంతా చెప్పేసినా.

వదిన పట్టీ విప్పి పక్కన పెట్టింది. ఆల్బం తెరిచింది.

"ఏమ్మే, మా నాయన చేను కోసి నాకు పూలు పెట్టినావా?"

నేను తల దించుకున్నా. తిడితే బాగుండు అనిపించింది. ఆమె తిట్టలే, కండ్లద్దాలు పెట్టుకోని తామరపువ్వు మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. డాక్టర్ల రాత ఇన్నేండ్లు చదివినా, దాని ముందర ఇదేం లెక్క అనింది. నిజంగానే గడగడా చదివింది. పెండ్లి పువ్వులో తూర్పు, సీమంతం అరిటాకుల్లో పడమర నీళ్ల వంక, ఎండుటాకుల్లో దక్షిణం బండిదావ. ఉత్తరం దగ్గరికొచ్చేసరికి హృదయం లోపల నాలుగు మాటలే ఉండాయి, మిగతాది లేదు. తగాదా ఉండేది ఆ ఉత్తరంతోనే.

మిగిలిన కాగితం యాడేసినావని అడిగింది. పారేసుంటానేమో అనుకున్నా. అప్పుడు గుర్తొచ్చింది. నేను ఏదీ పారేయలే. నాలుగో కుప్పలో ఉంటాది.

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పక తప్పలే. ఆయన అంతా విన్నాడు. మెట్లెక్కే చప్పుడు వినపడింది. కుప్పలో చెయ్యి పెట్టినాడు. ముందు ఒక గ్లూ గన్ దొరికిందన్నాడు. తర్వాత ఇంకోటి. కరెంటు బిల్లులు దొరికినాయి, ఆయన పోయిందనుకున్న వాచీ దొరికింది. దొరికిన ప్రతిదాన్ని పేరు పెట్టి చెప్తాంటే ఊ కొట్టడం తప్ప నాకు ఇంకో దావ లేదు. అరగంటకు, నడుమ హృదయం ఆకారంలో బొక్క ఉండే కాగితం దొరికింది.

అట్ల ఫోన్లో అటు ఆయన బొక్క చుట్టూ ఉండేది తంటాలు పడి కూడబలుక్కుంటా చదవడం, ఇటు వదిన బొక్కలో ఉండేది చదవడం. ఉత్తరాన లింగప్ప చేను అన్నాడు ఆయన. లింగప్ప అంటే నారాయణప్ప తండ్రి. నడుమ గట్టు అనింది వదిన. ఉభయులకూ అన్నాడు ఆయన. వదిన హృదయం మీద వేలు పెట్టి రెండుసార్లు చూసుకోని, సమానం అనింది.

గట్టు ఇద్దరిదీ. రెండేండ్లు మాట్లాడుకోకుండా ఉండింది దీనికోసం.

మంగళవారం వదినను, ఆల్బాన్ని వెంటబెట్టుకోని ఇంటికొచ్చినా. మామకు నేనే చెప్పాల, వదిన నా పక్కన కూర్చుంది. ఆయన మొత్తం విని, ఆల్బం ఒళ్లో పెట్టుకోని మొదటి పేజీ నుంచి చూసినాడు. పోయిన మా అత్త ఫోటో ఉండే పేజీ దగ్గర శానాసేపు ఆగినాడు. మూసేసి, బాగా చేసినావమ్మా అన్నాడు. ఇంగ కత్తెర పట్టేముందర మాత్రం కిందికి దిగొచ్చి అడగమన్నాడు. ఆ బాగా చేసినావు అన్న మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది నాకు.

బుధవారం సచివాలయంలో వరసగా అందరూ ఫైళ్లు పట్టుకోని నిలబడినారు. మేం తామరపువ్వుల ఆల్బం పట్టుకోని నిలబడినాం. సర్వేయర్ మేడం చిన్న వయసామె. ఆల్బం చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆల్బం చూసింది. ఇది ఒరిజినలేనా అని అడిగింది. ఒరిజినలే మేడం, లామినేషన్ కూడా చేయించినాం అన్నాడు మా ఆయన. ఆమె పెన్ను పట్టుకోని తూర్పు యాడుండాదని అడిగితే, పెండ్లికూతురి వెనకాల అని చెప్పినా. పడమర, సీమంతంలో. దక్షిణం, నర్సు డ్రెస్సు పక్కన. ఉత్తరానికి హృదయం, దాని బొక్క కాగితం రెండూ పక్కపక్కన పెట్టి వదిన చదివి వినిపించింది.

సమానం అనే మాట దగ్గర మా మామ గోడవైపు చూసినాడు, పక్కనే నిలబడిన నారాయణప్ప తన చెప్పులవైపు చూసుకున్నాడు. తర్వాత నారాయణప్ప ఆల్బం తన వైపు తిప్పుకోని ఒక్కో పేజీ చూసినాడు. నర్సు డ్రెస్సు ఫోటో దగ్గర ఆగి, మా పెద్దపాపకు జ్వరమొస్తే ఈయమ్మే కదా రెండు రోజులు పక్కనే కూర్చునింది అన్నాడు. కాసేపటికి మా మామ, నారాయణప్ప కలిసి బయట బంకు దగ్గరికి టీ తాగడానికి పోయినారు. ముందెవరు పిలిచినారో నేను చూడలే.

మేడం రాసుకోవడం అయినాక నాకు నెమ్మదిగా ఒక సంగతి చెప్పింది. ఆ పత్రం నకలు కావాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అప్లై చేసుకుంటే ఇస్తారంట. రెండో కాగితంతో సహా. రికార్డుకు ఎట్లయినా అదే కావాలంట, ఆల్బం చెల్లదంట. అంటే నేను పామిడికి పరిగెత్తినదీ, బీపీ చూపించుకున్నదీ, మా ఆయన ఆ కుప్పలో అరగంట దేవులాడిందీ, ఒక అర్జీతో పోయే పని.

లేచి నమస్కారం పెట్టి వస్తాంటే ఆమె మళ్లీ పిలిచింది. కొంచెం మొహమాటంగా, మా పాపకు వచ్చే నెల మొదటి పుట్టినరోజు, ఇట్లాంటిది ఒకటి చేసిస్తారా మేడం, ఫోటోలు, కాగితాలు అన్నీ నేనే పంపిస్తా అనింది. నేను సంతోషంగా నోరు తెరిచేలోపల మా ఆయన ముందుకొచ్చినాడు.

"చేసిస్తాది మేడం. పాప బర్త్ సర్టిఫికెట్ మాత్రం ముందే బీరువాలో పెట్టి తాళమేసుకోండి."

నా సంగతి నాకు తెలిసినంత బాగా ఆయనకూ తెలుసు.