బొట్టు పెట్టిన కంప్యూటర్లు

మా మనవరాలి బడిలో నాలుగు కంప్యూటర్లు ఏడాదిగా బట్ట కప్పుకొని ఉన్నయి. ఒక్క పిల్లనూ ముట్టనీయలేదు. నిన్న చూద్దామని పోయి బట్ట ఎత్తిన. దసరాకు పెట్టిన పసుపు వాసన గుప్పుమన్నది. నా పక్కనున్న మనవరాలు చెప్పులిప్పి దండం పెట్టింది!

నా చిన్నప్పుడు ఇదే బడికి పాఠాలు చెప్పే రేడియో వచ్చింది. సారు దానికి బొట్టు పెట్టి, అద్దాల బీరువాలో తాళమేసిండు. దేవుడనుకొని రోజూ మొక్కిన. అది మాట్లాడుతదని తెలిసేనాటికి నా బడి అయిపోయింది. తర్వాత చదువు నా అంతట నేనే నేర్చుకున్న.

"పిల్లలకు ఎప్పుడు నేర్పుతరు సారూ?" అని హెడ్మాస్టరును నిలదీసిన.

ఆయన మురిసిపోయి బట్ట సర్దిండు.

"ముడితే ఖరాబైతయ్ తాతా. చూసినవ్ గద, ఎంత కొత్తగున్నయో!"