కారం గిర్ని అన్నకు రాసిన ఉత్తరం

మానుకోట బజారులో నా ఫోటో స్టూడియోకూ పక్కనున్న పిండి గిర్నికీ మధ్య ఒకటే గోడ. గోడకూ పైకప్పు రేకులకూ నడుమ జానెడు సందు. గిర్ని నడిపే అన్న గోధుమలో జొన్నలో పట్టినంతకాలం మాకు పేచీ లేదు. ఎండాకాలం మిరపకాయల బస్తాలు దిగాయంటే మాత్రం నా స్టూడియోలో ఎవరూ కళ్లు తెరిచి ఫోటో దిగేవారు కాదు. "జర కదలకుండ ఉండుండ్రి" అని నేననడం, వాళ్లు తుమ్మడం, ఫ్లాష్ వెలగడం ఒకేసారి జరిగిపోయేవి.

ఒక ఎండాకాలం ఒక పిల్లకు పెళ్లి సంబంధం కోసం ఫోటో తీశాను. ఆ ఫోటో పెద్దవంగరలో పెళ్లికొడుకు ఇంటికి వెళ్లింది. "పిల్లకు ఇష్టం లేకుంటె బలవంతంగ ఎందుకు చేస్తున్నరు?" అని వాళ్లు కబురు పంపారు. పిల్ల తల్లి ఆ ఫోటో పట్టుకుని నా మీదికొచ్చింది.

"నా బిడ్డ నవ్వుకుంట వచ్చి కూసున్నది. ఏం జేసినవన్నా?"

చూస్తే నిజమే. ఎర్రటి కళ్లు, చెంప మీద కన్నీటి చుక్క.

వెళ్లి గిర్ని అన్నను అడిగాను.

"కారం పడితె ఘాటు రాక అత్తరు వాసనొస్తదా? నీ గిరాకీ వచ్చి నా బస్తాల మీద కూసుంటె మిరపకాయలన్ని నుగ్గయితున్నయ్. అది నేనెవలికి చెప్పాలె?" అన్నాడు.

మాటామాటా పెరిగి, చివరికి మాటలే బందయ్యాయి. డిగ్రీ చదివినవాణ్ని కదా, మర్యాదగా ఉత్తరం రాస్తే పనవుతుందనుకున్నాను. "గౌరవనీయులైన యజమాని గారికి, తమ సంస్థ నుండి వెలువడు కారపు ధూళి మా వ్యాపారమునకు తీవ్ర విఘాతము కలిగించుచున్నందున తగు చర్యలు చేపట్టవలసినదిగా ప్రార్థన" అని రాసి, సంతకం పెట్టి అతని చేతికిచ్చి వచ్చాను.

అవి తెలంగాణ కోసం చౌరస్తాలో టెంటు వేసి రిలే దీక్షలు చేస్తున్న రోజులు. ఆ రోజు దీక్షలో కూర్చునే వంతు గిర్ని అన్నది. నా ఉత్తరం అక్కడికే తీసుకెళ్లాడు. కాసేపటికి నాకు పిలుపొచ్చింది.

"గిది నాకు రాసిండా, కలెక్టరుకు రాసిండా? విఘాతం అంటె ఏంది? నా గిర్ని మూయిస్తడట!" అని అన్న అందరికీ చెబుతున్నాడు.

టెంటులో పెద్దమనిషి ఒక రిటైరయిన సారు. ఆయన తల పట్టుకున్నాడు.

"మన యాస మనకు ముద్దని పొద్దంత మైకుల చెప్తున్నం. గోడ పక్కనున్న అన్నకు గిట్ల రాస్తరా? కూసో. మళ్ల రాయి."

దీక్షలో ఉన్నవాళ్లకు సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా వేరే పనేముంటుంది? అందరూ నా చుట్టూ చేరారు.

"ముందుగాల ఇంటోళ్లు మంచిగున్నరా అని అడుగు," అన్నాడొకతను.

"కారం మంచిదే అని రాయి. మెత్తబడ్తడు," అన్నాడు ఇంకొకతను.

ఉత్తరం అందుకోవాల్సిన మనిషి పక్కనే కూర్చుని, "మంచిదే కాదు, మానుకోటల గసొంటి కారం లేదు అని రాయి," అని దిద్దాడు.

చివరికి ఉత్తరం ఇలా తయారైంది: "అన్నా, దండం. అక్క, పిల్లలు మంచిగున్నరనుకుంట. నీ కారం అసొంటి కారం మానుకోటల లేదు. గందుకే నా గిరాకీ అంత ఏడుస్తున్నది. పొద్దుగాల పిండి పట్టు, బువ్వ తిన్నంక కారం పట్టు. నీ బస్తాల మీద ఎవలు కూసోకుంట నేను బల్ల ఏపిస్త. జై తెలంగాణ."

ఆఖరి మాట సారు చెప్పి రాయించాడు. గిర్ని అన్న రెండుసార్లు చదివి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"గిట్ల రాసినంక కాదంటె, తెలంగాణకే కాదన్నట్టయితది గద," అని కింద "సరే" అని రాసిచ్చాడు.

మర్నాడు ఆ పిల్లను మళ్లీ పిలిపించాను. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని రోజుల్లో, ఉన్న కరెంటును వదులుకుని అన్న గిర్ని ఆపేశాడు. ఊరుకోక వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, జల్ది నవ్వు. కరెంటు పోతది," అన్నాడు.

ఆ పిల్ల పగలబడి నవ్వింది. అదే ఫోటో పంపాం. సంబంధం కుదిరింది.

పెండ్లి పెద్దవంగరలోనే జరిగింది. ఫోటోలకు నన్ను పిలిచారు, అన్ననూ పిలిచారు. నా బండి వెనక కూర్చుని వచ్చాడు. తనతో మాటలు బందయిన బావమరిదికి కూడా అలాంటి ఉత్తరం ఒకటి రాసిపెట్టమని దారంతా అడుగుతూనే ఉన్నాడు.