తాలింపు ఆగిపోయిన ఇల్లు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను వార్డు డ్యూటీ నుంచి తీసి, రోగుల ఇళ్ళకు వెళ్ళే బృందంలో వేశారు. వేలూరులో ఒక ఆస్పత్రి, గుండె విభాగం. నా ఉద్యోగం ఆయా, హోదాలో నర్సుల కింద. నేను చదివింది అయిదో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఆ పని ఎలా ఉండేదని అడిగేవాళ్ళున్నారు కాబట్టి ఒక ఇంటి సంగతి రాస్తున్నాను.

మా రోగులు హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళు. ఆ పేరు వింటే గుండె ఆగిపోయిందనుకుంటారు. అది కాదు. గుండెకు రక్తాన్ని తోసే బలం తగ్గుతుంది. ఒంట్లో నీరు నిలుస్తుంది, కాళ్ళు వాస్తాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది. అందుకే ఉప్పు తగ్గించాలి, నీరు పోయే మాత్ర వేసుకోవాలి, రోజూ బరువు చూసుకోవాలి.

వ్యానులో జయ సిస్టర్, నేను, డ్రైవరు. సిస్టర్ బీపీ చూసి, పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూసేది. బరువు మిషను మోయడం, రోగిచేత చెప్పులు విప్పించి దాని మీద నిలబెట్టడం, వంటింట్లో ఊరగాయలూ అప్పడాలూ ఉన్నాయేమో చూడడం నా పని. ఇంకొకటి కూడా ఉండేది. సిస్టర్ రోగి మనసు గురించి అడిగేటప్పుడు ఇంట్లోవాళ్ళు పక్కన ఉండకూడదు. ఉంటే రోగికి బదులు వాళ్ళే జవాబు చెబుతారు. అందుకని వాళ్ళను మాటల్లో పెట్టి అవతలికి తీసుకుపోవాలి.

వేలూరు దగ్గర గుడియాత్తంలో మునిరత్నం అని ఒకాయన. చిన్నప్పటి నుంచి లుంగీలు నేసిన మనిషి. ఆస్పత్రి నుంచి ఇంటికి పోయాక చెకప్పుకు రావడం మానేశాడు. మేము వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాళ్ళు వాచాయి, బరువు పెరిగింది. భార్య సరోజమ్మ మాత్ర చేతికిస్తే తలగడ కింద పెడుతున్నాడట, అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. ఇలాగే ఉంటే మళ్ళీ అడ్మిషను తప్పదని, ఈసారి గుండె తట్టుకుంటుందో లేదోనని సిస్టర్ నాతో మెల్లగా అన్నది.

"ఎట్లుండాది నాయనా?" అని సిస్టర్ ఆయన్ను అడిగితే, ఆయన నోరు తెరవకముందే సరోజమ్మ అందుకుంది.

"బాగుండాడమ్మా. గుండె నీరసం, అంతే. సుమ్మా, ఊరికే పడుకోనుంటాడు."

సిస్టర్ నావైపు చూసింది. వంటిల్లు చూపించమని నేను సరోజమ్మను లోపలికి తీసుకుపోయాను.

ఊరగాయ జాడీ లేదు, ఎండు చేపల వాసన లేదు. మనవళ్ళతో సహా ఇంట్లో అందరూ ఆయనతోపాటు చప్పిడే తింటున్నారు. గిన్నె మూత తీసి చూపించింది. ఉడికించిన పప్పు, అంతే. ఒక్క ఆవగింజ లేదు.

"తాలింపు పెట్టలేదా?" అన్నాను.

"అది గూడా మానేసినానక్కా. ఆ వాసనకు ఈయప్పకు నోరూరి ఉప్పు అడిగితే ఏంజేసేది? ఆస్పత్రి నుంచి వచ్చిన కాడ్నించి ఇంట్లో చిటపట శబ్దమే లేదు. పక్కింటామె, మీ పొయ్యి చల్లారిపోయినాదా అని ఎగతాళి చేస్తాది. చేసుకోనీ."

ఎంత జాగ్రత్త అని నేను కూడా మెచ్చుకున్నాను.

సిస్టర్ పిలిస్తే ఇద్దరం వచ్చాము. మునిరత్నం లేచి కూర్చుని ఉన్నాడు. సిస్టర్ ఏమి అడిగి ఉంటుందో నాకు తెలుసు. దేనిమీదా ఇష్టం లేకుండా ఉందా, ఎప్పుడూ దిగులుగా ఉంటోందా, బతుకు చాలనిపిస్తోందా.

"నాతో చెప్పింది ఆమెకు గూడా చెప్పు నాయనా" అన్నది.

ఆయన భార్య మొహం చూడలేదు. "ఇంగేమి చెప్పేది. బతికుండంగానే నాకు సావింటి కూడు పెడతాండాది. పిల్లోళ్ళు గూడా తలకాయలు దించుకోని అదే తింటాండారు. నేను పోయినట్టే అందరూ తీర్మానం చేసుకున్యారు. ఇంగ మాత్ర యాల?"

మా వైపు చావు జరిగిన ఇంట్లో కర్మంత్రం, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా వంటకు తాలింపు పెట్టరు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. ఉప్పు భయంలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

సరోజమ్మకు కోపం వచ్చింది.

"నోరుండాది కదా, చెప్పేదానికేమి? చప్పిడి తిని తిని నా నాలిక మొద్దుబారిపోయినాది."

"నిన్నెవరు తినమన్యారు?"

"తినకుండా, నీ ఎదురుగా కూర్చోని అప్పళం నమలమంటావా?"

సిస్టర్ నవ్వు ఆపుకుని చెప్పింది. తగ్గించాల్సింది ఉప్పు. ఆవాలు, కరివేపాకు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ, కొంచెం నూనె, వీటికి అడ్డం లేదు. మిగతావాళ్ళు ఎవరి పళ్ళెంలో వాళ్ళు ఉప్పు వేసుకోవచ్చు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. సిస్టర్ అలా అనుకోలేదు. జబ్బుతో మగ్గం దిగిన రోజు నుంచే ఆయనకు దిగులు ఉందట. చావాలన్న ఆలోచన లేదు, బతకాలన్న ఆశ కూడా లేదు అన్నాడట. గుండె జబ్బుతో బతికేవాళ్ళలో చాలామందికి ఈ దిగులు వస్తుందని, అది కూడా జబ్బేనని, దాన్ని వదిలేస్తే గుండె వైద్యం సాగదని ఆమె నాకు వివరించింది. అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేస్తే మరునాడే రమ్మన్నారు. మనసు డాక్టరు కూడా చూస్తారంటే మునిరత్నం, "నాకేమి పిచ్చా?" అన్నాడు.

"పిచ్చి కాదు నాయనా. కాళ్ళకు నీరు పట్టినట్టు మనసుకు దిగులు పట్టినాది. దానికి గూడా వైద్యం ఉండాది" అన్నది సిస్టర్.

మరునాడు భార్యతో బస్సెక్కి వచ్చాడు. నీరు పోయే మాత్ర మోతాదు మార్చారు. మనసు డాక్టరు చాలాసేపు మాట్లాడి, గుండె మందులతో కలిసి వెళ్ళే మాత్ర ఒకటి రాశారు. వెంటనే ఏమీ మారలేదు. కొన్ని వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి మళ్ళీ గోడవైపు తిరిగాడు కూడా.

వానాకాలంలో వెళ్ళినప్పుడు మగ్గం పక్కన పీట మీద కూర్చుని, కొడుకు నేతకు నూలు కండెలు చుడుతున్నాడు. కాళ్ళ వాపు లేదు. నేను మిషను దించగానే, "నేను పొద్దున్నే చూసుకున్యా. ఈ తూరి నువ్వెక్కు తల్లీ, మేము చూస్తాము" అన్నాడు. సరోజమ్మ లోపలి నుంచి నవ్వింది. నేను ఎక్కలేదు.

గుండె నీరసమూ మనసు దిగులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండిట్లోనూ మనిషి పడుకునే ఉంటాడు, తినడు, నిద్రపోడు. ఇంట్లోవాళ్ళు ప్రేమతో చెప్పినా, వాళ్ళు చెప్పేది వాళ్ళకు కనిపించినదే. అన్నం ఎందుకు తినడం లేదో ఆ తినని మనిషినే అడగాలి, పక్కన ఎవరూ లేనప్పుడు అడగాలి, జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చోవాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది.